పేరు లేని చాయ బోర్డు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరు రోజులు తిరిగి వచ్చాను. వచ్చిన దగ్గర నుంచి స్నేహితులు ఏం చూశావని ఒకటే అడుగుతున్నారు. కొండలూ కోటలూ చూశావా అంటే, చూశాను, బస్సు కిటికీలోంచి. దగ్గరగా నిలబడి, వేలితో తాకి, టేపు పెట్టి కొలిచి మరీ చూసినవి మాత్రం రోడ్డు పక్కన వ్యాపారస్తులు పెట్టుకున్న బోర్డులు. బీడీల బోర్డులు, సబ్బుల బోర్డులు, పళ్లపొడి బోర్డులు. ఇందులో చూడదగ్గది ఏముందని మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

మాది గుడివాడ వైపు. రాష్ట్రాలు కలిశాక ఉద్యోగం హైదరాబాదుకు మారింది. రోడ్ల ఆఫీసులో పని. రోడ్ల మీద లారీలు పెరిగాయి, లారీలను చూసి బోర్డులూ పెరిగాయి. అందుకని మా పైవాళ్లు ఒక సన్నటి పుస్తకం అచ్చువేసి నా చేతికిచ్చి తిరిగి రమ్మన్నారు. అందులో అయిదు రూళ్లు. బోర్డు రోడ్డు నడుమ నుంచి ముప్పై అడుగుల లోపల ఉండకూడదు. చెట్టుకు మేకు కొట్టకూడదు. మలుపులో ఉండకూడదు. మైలురాయి మీద రాయకూడదు. ప్రతి బోర్డు కిందా యజమాని పేరు రెండంగుళాలకు తగ్గని అక్షరాలతో ఉండాలి, అది రేపు గాలికి పడి ఎవరి నెత్తినో పగలగొడితే పట్టుకోవడానికి.

నేను రూళ్ల మనిషిని. మా వంటింట్లో డబ్బాలు కూడా వరస తప్పనివ్వను. అందుకే మా ఆవిడ నన్ను క్యాంపులకు చాలా సంతోషంగా పంపుతుంది.

కోడి బొమ్మ

నాకు తోడిచ్చిన చప్రాసీ మల్లయ్య యాభై ఏళ్ల మనిషి, గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు. నిచ్చెన, సున్నం బకెట్టు, నల్లరంగు డబ్బా మోసేది అతను. పుస్తకం మోసేది నేను. నల్లగొండ దాటి దేవరకొండ రోడ్డు ఎక్కగానే మొదటి నేరం కనబడింది. మైలురాయి మీద నంబరూ ఊరి పేరూ కనబడకుండా కోడి మార్కు బీడీల వాళ్లు ఎర్ర జుట్టు కోడిపుంజును దించారు.

"కోడి మంచిగుంది సారు, ఉండనియ్యుండ్రి" అన్నాడు మల్లయ్య.

"రూలు" అన్నాను.

"గట్లయితె సరే" అని సున్నం కొట్టేశాడు. తెల్లటి రాయి చూసుకుని, ఉద్యోగం మొదలైందనుకుని సంతోషించాను.

మర్నాడు అదే రోడ్డు మీద దేవరకొండ బస్సులో వెళ్తున్నాం. నా పక్కన ఒక ముసలమ్మ, ఒళ్లో మూట. పదిసార్లు అడిగింది.

"నాయినా, కోడి వచ్చెనా?"

"ఏ కోడి అవ్వా?"

"రాతి మీద కోడి. గా కోడి కాడ దిగాలె నేను. నాకు సదువు రాదు గద."

మల్లయ్య నా వైపు చూసి, తరవాత కిటికీలోంచి చాలా శ్రద్ధగా బయటికి చూడటం మొదలుపెట్టాడు. అప్పటికే రెండు మైళ్లు దాటిపోయాం. కండక్టరును బతిమాలి బస్సు ఆపించి, అవ్వతో పాటు మేమూ దిగాం. ఎండలో వెనక్కి నడక. మూట నేనే మోశాను. దారి పొడుగునా అవ్వ, కోడిని చెరిపినవాడి చేతులు పడిపోవాలనీ వాడికి ఇంట్లో అన్నం పుట్టకూడదనీ తిడుతూనే ఉంది. నేను మూటను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ "ఊఁ" అంటూ నడిచాను.

ఊరు చేరాక ఉండబట్టలేక, చెరిపించింది నేనేనని చెప్పేశాను. అవ్వ కాసేపు నన్ను కిందికీ మీదికీ చూసింది. "నువ్వా? మరి మూటెందుకు మోసినవు?" అని, ఉడకబెట్టిన పల్లికాయ దోసెడు నా చేతిలో పోసింది. ముప్పై అడుగులు కొలిచి, అవతల ఉన్న వాళ్ల దొడ్డి గోడ మీద మల్లయ్య నల్లరంగుతో కోడి వేశాడు. అది కోడిలా కాక కొంగలా వచ్చింది. "ఏదైతేంది, జాగ తెలిస్తె సాలు" అంది అవ్వ. ఆ మాట విని నాకు ప్రాణం లేచివచ్చింది.

దేవరకొండ గోడలు

దేవరకొండలో జొన్నరొట్టెలు తిన్నాం, అణాకు రెండు. కొత్త పైసలు వచ్చి ఇన్నాళ్లయినా ఇక్కడ బేరమంతా అణాల్లోనే. నేను ఆరు కొత్త పైసలు ఇస్తే హోటలాయన వాటిని బల్ల మీద వరసగా పేర్చి, అనుమానం తీరేదాకా చూసి తీసుకున్నాడు. రొట్టెతో పుంటికూర పెట్టారు. మా వైపు దాన్నే గోంగూర అంటాం, నూనెలో ముంచి పచ్చడి చేస్తాం. వీళ్లు పప్పులో వేసి మెత్తగా వండుతారు. మా గోంగూర తరవాతే ఏదైనా అని ఇన్నాళ్లూ వాదించినవాణ్ణి, ఆ పూట మారు అడిగి వడ్డించుకున్నాను. ఈ సంగతి మా ఊరి వాళ్లకు తెలియకపోతే మంచిది.

అక్కడొక ఇంటి గోడ మీద సబ్బు ప్రకటన సగమే ఉంది. పై సగం మీద కొత్త సున్నం. గోడ ఎవరిదని అడిగితే ఇంటాయన "నాదే" అన్నాడు. లోపల నుంచి వాళ్లావిడ గొంతు.

"గోడ నీదైతె యేటా సున్నమేసేది ఎవలు? నన్నడిగిండా గా సబ్బులాయన? నీకు నాలుగు సబ్బులిచ్చిండు, నువ్వు పండ్లికిలిచ్చినవు."

దసరాకు సున్నం వేస్తూ పై సగం చెరిపేసిందట. కింది సగం ఎందుకు వదిలావమ్మా అంటే, సున్నం అయిపోయిందని చెప్పింది. వాళ్ల ఊళ్లో గోడ మీద ఏది రాయాలన్నా సున్నం వేసే ఆడమనిషిని అడగడం వాడుక. ఈ రూలు మా పుస్తకంలో లేదు, ఉంటే బాగుండేది. మల్లయ్య బకెట్టులో ఉన్న సున్నం ఆమెకు పోసి వచ్చాం.

సీతాఫలాలు

దిండి దాటాక బస్సుకు గొర్రెల మంద అడ్డం వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టలేదు, బీడీ ముట్టించుకున్నాడు. మా వైపు అయితే ఈపాటికి నాలుగు తిట్లు వినబడేవి. ప్రతి గొర్రె వీపు మీదా ఎర్రమన్నుతో ఒక మచ్చ. అది ఏ ఇంటి మందో చెప్పే గుర్తని మల్లయ్య చెప్పి, "గొర్లకు గూడ రెండంగుళాలే ఉండాల్నా సారు?" అన్నాడు. నవ్వకుండా అనడం అతని గొప్ప.

అక్కడే ఆడవాళ్లు సీతాఫలాలు అమ్ముతున్నారు. బేడకు చిన్న గంపెడు! హైదరాబాదులో ఆ రెండణాలకు నాలుగు కాయలు వస్తే గొప్ప. ఆశపడి గంపెడూ కొన్నాను. కల్వకుర్తి చేరేసరికి సగం పండి చితికి, నా రూళ్ల పుస్తకం అట్టంతా జిగురైపోయింది. ఇప్పటికీ ఆ పుస్తకం తెరిస్తే తియ్యటి వాసన వేస్తుంది.

కల్వకుర్తి దాటాక

నాలుగో రోజు జడ్చర్ల రోడ్డు మీద నడుస్తున్నాం. పల్లికాయ బండ్లు సాగిపోతున్నాయి. అక్కడొక బోర్డు చూసి నాకు కళ్లు చెమర్చినంత పనైంది. చెట్టుకు కాకుండా సొంత కర్రల మీద నిలబడింది. మలుపు లేదు. కొలిచాను, ముప్పై నాలుగు అడుగులు. పొగలు కక్కే గ్లాసు బొమ్మ, పక్కన "చాయ" అనే మాట. నాలుగు రోజుల్లో రూళ్లన్నీ ఎరిగి పెట్టినట్టున్న బోర్డు ఇదొక్కటే. కింద యజమాని పేరు లేదు, అంతే లోపం.

వెనకే తాటాకు పాక, రాతి బల్లలు, ఎడ్లు తాగడానికి నీళ్ల తొట్టి. బండ్ల వాళ్లు నలుగురైదుగురు కూర్చుని తాగుతున్నారు. అల్లం దంచి వేసిన చాయ. ఒక గ్లాసు తాగి రెండోది అడిగాను. హైదరాబాదులో కూడా అంత మంచి చాయ నేను తాగలేదు. గ్లాసులు అందిస్తున్న సన్నటి మనిషిని మెచ్చుకుని, బండ్లు కదిలిపోయాక పుస్తకం తీశాను.

"నీ పేరేమిటి?"

అతను తుడిచిన గ్లాసునే మళ్లీ తుడిచాడు. "పేరెందుకు సారు?"

"బోర్డు కింద రాయాలి. రూలు."

అతని ముఖం వాడిపోయింది. మల్లయ్య తన గ్లాసు కింద పెట్టి నన్ను పక్కకు పిలిచాడు.

"సారు, వీండ్లు కిరస్తానపోళ్లు. మాల పల్లెల నుంచి వచ్చిన్రు. పేరు రాస్తె బండ్లు ఆగవు."

"వచ్చేవాళ్లకు తెలియదా?"

"తెల్వకేంది? గా దూలానికి ఏసు పటం ఉన్నది గద."

"నీకు తెలుసా?"

"వచ్చిన గడియలనే చూసిన."

"మరి తాగావు?"

"బోర్డు మీద లేదు గద సారు" అన్నాడు మల్లయ్య, అది చాలా మామూలు సంగతైనట్టు.

నా రెండో గ్లాసులో ఇంకా సగం ఉంది. చెయ్యి ఆగింది. గాంధీగారి మాటలు పదిమందికి చెప్పేవాణ్ణి, నా చెయ్యి ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పను, ఆగిందని ఒప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. తరవాత తాగేశాను. రుచి ఏమీ మారలేదు.

ఆ మనిషి పేరు ఏసోబు. మెల్లగా దగ్గరికి వచ్చి తనే చెప్పాడు. "మా తాత, మా నాయిన పటేలు దొడ్లనే వెట్టి చేస్కుంట చచ్చిన్రు సారు. నేను గూడ గక్కడ్నే ఉంటుంటి. గీ రోడ్డు ఏసేటప్పుడు ఆలుమగలం కంకర కొట్టినం. గా కూలితోని గీ పాక ఏసుకున్నం, ఆరేండ్లాయె. పేరు లేకుంటె ఎవలదని అడిగెటోడు లేడు. పేరున్నదనుకో, చూసి గూడ తాగినవా అని ఇంట్ల అడుగుతరు. గీ పొయ్యి ఆరితె మళ్ల పటేలు దొడ్డికే పోవాలె."

నేను పనిచేసే ఆఫీసు రోడ్డుకు కంకర కొట్టినవాళ్లు. ఆ రోడ్డు పక్కనే పేరు చెప్పుకోలేక నిలబడ్డారు. నా పుస్తకం మీద నాకే విసుగు పుట్టింది. "భయపడకు. ఇక్కడ బోర్డేమీ లేదని రాసుకుపోతాను" అన్నాను. జీవితంలో మొదటిసారి రూలు తప్పబోతున్నాను, అందుకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. ఏసోబు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

పొయ్యి దగ్గర నుంచి అతని భార్య లేచి వచ్చింది. అప్పటిదాకా ఆమె వీపు తప్ప నాకేమీ కనబడలేదు.

"ఏం రాస్తరు సారు?"

"బోర్డు లేదని రాస్తానమ్మా. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"ఉన్నదాన్ని లేదంటరా?"

"మీ మంచికే."

"లేరనిపించుకునుడు మాకు కొత్త గాదు. ఊర్ల గట్లనే ఉంటిమి. రోడ్డు మీదికొచ్చినా గట్లనేనా? ఆరేండ్ల సంది నా చేతి చాయ తాగుతున్నరు. 'ఏయ్, చాయ తే' అంటరు. నీ పేరేందని ఒక్కడన్న అడిగిండా?"

"అడగకుంటెనే మంచిది" అన్నాడు ఏసోబు. "రేపటి సంది పొయ్యి మీద ఉట్టి నీళ్లే కాగుతయి, చూడు."

"కాగనియ్యి. సారు, రాయుండ్రి. ఆయన పేరు గాదు. చాయ పెట్టేది నేను, నా పేరు రాయుండ్రి. మరియమ్మ."

నేను ఏసోబు వైపు చూశాను.  అతను లోపలికి పోయి, నేను ఎక్కి నిలబడటానికి ముక్కాలిపీట తెచ్చి బోర్డు కింద వేశాడు. 

మల్లయ్య నల్లరంగు డబ్బా తెరిచాడు.

"ఎంత పెద్దగ రాస్తరు?" అంది మరియమ్మ.

"రెండు అంగుళాలకు తగ్గకూడదు."

"ఎక్కువుండొద్దని ఉన్నదా పుస్తకంల?"

అతుక్కుపోయిన పేజీలు విడదీసి రెండుసార్లు వెతికాను. లేదు.

"అయితె గా గ్లాసు బొమ్మంత రాయుండ్రి" అంది.

అంతే రాశాను. నా చేతివ్రాత ఆఫీసులో పేరున్నదే, కానీ అంత జాగ్రత్తగా ఎప్పుడూ రాయలేదు. ఆమెకు చదువు రాదు. ఒక్కో అక్షరం అయ్యాక ఇదేమిటని అడిగి, చెప్పించుకుని, తలూపింది.

మర్నాటి పొద్దు

ఆ రాత్రికి పక్క ఊరి బడి వరండాలో పడుకుని, పొద్దు పొడిచేసరికి మళ్లీ పాక దగ్గరికి వచ్చాం. పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయి. ఏసోబు గ్లాసులన్నీ వరసగా బోర్లించి, వాటి పక్కన నిలబడ్డాడు.

మొదట రెండు పల్లికాయ బండ్లు వచ్చాయి. ఒకతను దిగనే దిగాడు. రెండో బండిలో చదువు వచ్చిన పిల్లగాడొకడు బోర్డు కేసి చూసి, కూడబలుక్కుంటూ పైకి చదివాడు. ఇద్దరు బండివాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దిగినవాడు "ఎడ్లకు నీళ్లు తాపాలె, ముందటికి పోదాం" అన్నాడు. నీళ్ల తొట్టి అతని కాళ్ల దగ్గరే ఉంది. బండ్లు వెళ్లిపోయాయి. తరవాత వచ్చిన మూడో బండి అసలు ఆగనే లేదు.

మరియమ్మ నీళ్లలో ఇంకో చెంబు పోసింది. ఏసోబు ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే నాకు కొంచెం తేలికయ్యేది. నా చేత్తో రాసిన అక్షరాలు ఎదురుగా నల్లగా నిగనిగలాడుతుంటే వాటి వైపు చూడలేకపోయాను. జడ్చర్ల బస్సు వచ్చి ఆగింది. కండక్టరు కేక వేశాడు. మల్లయ్య నిచ్చెన బస్సు మీదికి ఎక్కించాడు, నేను కదలకపోవడం చూసి మళ్లీ దింపాడు. బస్సు వెళ్లిపోయింది.

ఇంకాసేపటికి తెల్ల మీసాల ముసలాయన ఒకడు ఒంటి బండితో వచ్చాడు. మూడేళ్ల నుంచీ ఈ పాక దగ్గర ఆగుతున్న రైతని ఏసోబు నా చెవిలో చెప్పాడు. అలవాటు కొద్దీ ఎడ్లను తొట్టి దగ్గరికి తోలి, రాతి బల్ల మీద కూర్చుని తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. వెనక దూరంగా ఇంకో మూడు బండ్లు వస్తున్నాయి. "మా ఊరోళ్లయే" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. అప్పుడు బోర్డు మీద చూపు పడింది.

"కొత్తగ నల్లగ ఏందో గీసిన్రు. నాకు సదువు రాదు. గదేం రాసిన్రు సారు?"

చాయ దొరుకునని రాశారు అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏసోబు కళ్లతోనే బతిమాలుతున్నాడు. పొయ్యి దగ్గర మరియమ్మ మా వైపు వీపు పెట్టి ఉంది, గరిటె తిప్పే చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"మరియమ్మ అని రాసి ఉంది, చాయ పెట్టే ఆమె పేరు" అన్నాను.

 ముసలాయన తలపాగా మళ్లీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. చుట్టి, కొస దోపుకుని, రోడ్డు కేసి చూశాడు. వాళ్ల ఊరి బండ్లు దగ్గరికి వచ్చేశాయి. ముందు బండిలో వాళ్లు ఈయన్ని చూసి చెయ్యి ఊపారు. ఆయన అక్కడే కూర్చుని, బండ్లలో వాళ్లకు కూడా వినబడేంత గట్టిగా పిలిచాడు.

"మరియమ్మా! జర చక్కెర ఎక్కువెయ్యి!"

మరియమ్మ తిరగలేదు. వినబడిందని నాకు తెలుసు. ఏసోబుకూ తెలుసు.

"మరియమ్మా, నిన్నే పిలుస్తున్న! ఇనబడ్తలేదా?"

రెండోసారి కూడా పిలిపించుకుని, అప్పుడు తిరిగింది.